మీ డీటీపీ సెంటర్ పనికి సరిపోయే టూల్‌బార్, మెనూ ఎలా తయారు చేసుకోవాలి

నల్గొండలో గానీ పాలమూరులో గానీ, కోర్టో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసో ఉన్న వీధిలో జిరాక్స్, డీటీపీ సెంటర్లు వరసగా కనిపిస్తాయి. లోపల కూర్చున్నవాళ్ల టైపింగ్ స్పీడు చూస్తే ముచ్చటేస్తుంది. అదే మనిషి పేజీ మార్జిన్ మార్చాలన్నా, వాట్సాప్‌లో వచ్చిన మ్యాటర్‌ను శుభ్రంగా పేస్ట్ చేయాలన్నా మెనూలు ఒక్కొక్కటే తెరుస్తూ ఆగిపోతారు. ఎదురుగా కస్టమర్ వాచీ చూసుకుంటూ నిలబడి ఉంటాడు. ఈ టెన్షన్‌కి కారణం ఆపరేటర్‌కి పని రాకపోవడం కాదు. వర్డ్ అయినా లిబ్రెఆఫీస్ అయినా ప్రపంచంలో అందరినీ దృష్టిలో పెట్టుకుని బటన్లు పేర్చుకున్న సాఫ్ట్‌వేర్లు. దేవరకొండలో రోజంతా అఫిడవిట్లు కొట్టే మనిషికి ఏది చేతికందాలో వాటిని తయారుచేసినవాళ్లకు తెలిసే వీలు లేదు. మనకు తెలుసు కాబట్టి మనమే పేర్చుకోవాలి. దీనికి కోడింగ్ రానక్కర్లేదు, గిరాకీ తక్కువగా ఉన్న ఒక మధ్యాహ్నం చాలు.

ఎక్కువగా లిబ్రెఆఫీస్ రైటర్‌లో చేసే పద్ధతే చెబుతున్నాను. అది ఉచితం, పైగా అందులో మెనూలు, టూల్‌బార్లు (పైన కనిపించే బటన్ల వరసలు) రెండూ మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. వర్డ్ వాడేవాళ్లకు తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

ముందు ఒక రోజు పని గమనించండి

సాఫ్ట్‌వేర్ తెరిచి వెంటనే బటన్లు పెట్టడం మొదలుపెట్టకండి. ఒక తెల్ల కాగితం కంప్యూటర్ పక్కన పెట్టుకోండి. టైపింగ్ ఆపి చేయి మౌస్ మీదికి వెళ్లిన ప్రతిసారీ ఏ పని కోసం వెళ్లిందో రాసి, పక్కన ఒక గీత గీయండి. సాయంత్రానికి ఆ కాగితమే చాలా చెబుతుంది. ‘నువ్వు ఎక్కువగా ఏం వాడతావు’ అని ఆపరేటర్‌ను అడిగితే సరైన సమాధానం రాదు. ఎవరికైనా ఇబ్బంది పెట్టిన పనులు గుర్తుంటాయి గానీ, చేయి దానంతటదే చేసుకుపోయే పనులు గుర్తుండవు.

వర్డ్ 2003ను జనం ఎలా వాడుతున్నారో మైక్రోసాఫ్ట్ లెక్క తీసినప్పుడు పేస్ట్, సేవ్, కాపీ, అన్‌డూ, బోల్డ్ అనే ఐదు కమాండ్లే మొత్తం వాడకంలో 32 శాతం దాకా తేలాయి. పేస్ట్ ఒక్కటే 11 శాతం దాటింది. మీ కాగితం మీద కూడా గీతలు ఇలాగే ఏవో కొన్ని పనుల దగ్గరే గుంపుగా పడతాయి. ఆ కొన్ని ఏవన్నది మాత్రం సెంటర్‌ని బట్టి మారుతుంది. కాలేజీ పక్కన ప్రాజెక్ట్ రిపోర్టులు చేసే షాపులో పేజీ నంబర్లు, విషయసూచిక ముందుకొస్తాయి. తహసీల్దార్ ఆఫీసు పక్కన షాపులో అవి నెలకోసారి కూడా రావు.

లెక్కతో పాటు వరస కూడా రాయండి. ఏ పని తర్వాత ఏ పని వచ్చింది? అఫిడవిట్ పనే తీసుకుందాం. పాత ఫైల్ తెరుస్తారు, కొత్త పేరుతో సేవ్ చేస్తారు, పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు మారుస్తారు, ఒకసారి చదివి చూపిస్తారు, ‘అన్నా, మా నాయన పేరు జర పెద్దగ కొట్టు’ అంటే సైజు పెంచుతారు, ప్రివ్యూ చూస్తారు, ప్రింట్ ఇస్తారు. మనం పెట్టబోయే టూల్‌బార్ ఎడమ నుంచి కుడికి అచ్చం ఇదే వరసలో ఉండాలి. సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లు ఫైల్‌కి సంబంధించినవన్నీ ఒకచోట, అక్షరాలకు సంబంధించినవన్నీ ఇంకోచోట పెడతారు. మెనూకి ఆ వర్గీకరణ బాగుంటుంది. టూల్‌బార్‌కి మాత్రం పని నడిచే వరసే ముఖ్యం.

ఏది పైన, ఏది లోపల

కాగితం మీదున్న పనుల్ని మూడు భాగాలు చేయండి. గంటలో ఒకసారైనా వచ్చేవి టూల్‌బార్‌లోకి. రోజుకో వారానికో వచ్చేవి మెనూలోకి. మిగతావాటిని అలాగే వదిలేయండి. కిరాణం షాపులో చక్కెర, ఉప్పు చేతికందే చోట ఉంటాయి, ఎప్పుడో అడిగే సామాను అటక మీద ఉంటుంది కదా, అంతే. టూల్‌బార్‌లో పన్నెండు నుంచి పదిహేను బటన్లు దాటితే మళ్లీ వెతుకులాటే మొదలవుతుంది. అక్కడ ఆగడం మంచిది.

షార్ట్‌కట్ బాగా అలవాటైన పనికి బటన్ అక్కర్లేదు. కంట్రోల్+సి, కంట్రోల్+వి వేళ్లకు వచ్చేసినవాళ్లకు కాపీ, పేస్ట్ బటన్లు చోటు తినడం తప్ప పనికిరావు. వాటిని తీసేసిన చోట నిజంగా కావాల్సినవి పెట్టండి. మన దగ్గర డీటీపీ పనికి నేను తప్పకుండా పెట్టమనే బటన్లు కొన్ని ఉన్నాయి.

మొదటిది ‘సేవ్ యాజ్’. పాత అఫిడవిట్ తెరిచి, పేర్లు మార్చి, మామూలు సేవ్ కొట్టారంటే పాత కస్టమర్ ఫైల్ పోయినట్టే. అందుకని టూల్‌బార్‌లో ఎడమ చివర, అన్నిటికంటే ముందు ఇదే ఉండాలి.

రెండోది ‘ఫైండ్ అండ్ రీప్లేస్’. పాత డాక్యుమెంట్‌లో పేరు ఆరుచోట్ల ఉంటే కళ్లతో చూసి ఐదుచోట్ల మార్చి, ఒకచోట వదిలేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. సేల్ అగ్రిమెంట్‌లో ఆ ఒక్క పేరు పార్టీలను మళ్లీ ఆఫీసు చుట్టూ తిప్పుతుంది. బటన్ కళ్లెదుట ఉంటే వాడాలని గుర్తొస్తుంది.

మూడోది ‘పేస్ట్ అన్‌ఫార్మాటెడ్ టెక్స్ట్’. వాట్సాప్ నుంచీ వెబ్‌సైట్ల నుంచీ తెచ్చిన మ్యాటర్ దాని ఫాంటు, రంగు, సైజు అన్నీ మోసుకొస్తుంది. ఈ బటన్ వాడితే వట్టి అక్షరాలే వచ్చి మీ డాక్యుమెంట్‌లో ఉన్న రూపంలోకి ఒదిగిపోతాయి. రైటర్‌లో దీని షార్ట్‌కట్ కంట్రోల్+ఆల్ట్+షిఫ్ట్+వి. నాలుగు కీలు కలిపి నొక్కడం కంటే బటన్ తేలిక.

నాలుగోది ‘ఎక్స్‌పోర్ట్ డైరెక్ట్లీ యాజ్ పీడీఎఫ్’. ఆన్‌లైన్ దరఖాస్తులకు అప్‌లోడ్ చేయడానికి, కస్టమర్ ఫోన్‌కి పంపడానికి రోజూ కావాల్సిందే.

ప్రింట్ బటన్ విషయంలో జాగ్రత్త

స్టాంప్ పేపర్ మీద ప్రింట్ తప్పితే ఆ కాగితం మళ్లీ పనికిరాదు. డబ్బు పోతుంది, ఆ రోజు వెండర్ దగ్గర దొరక్కపోతే పని కూడా ఆగుతుంది. లిబ్రెఆఫీస్‌లో ప్రింట్‌కి రెండు కమాండ్లు ఉన్నాయి. ఒకటి డైలాగ్ తెరిచి ఏ ప్రింటర్, ఏ పేజీలు, ఎన్ని కాపీలు అని అడుగుతుంది. రెండోది ‘ప్రింట్ డైరెక్ట్లీ’, నొక్కగానే కాగితం లాగేసుకుంటుంది. స్టాంప్ పేపర్ పని ఉన్న సెంటర్‌లో ఈ రెండోదాన్ని టూల్‌బార్‌లో పెట్టకండి. డైలాగ్ తెరిచేదే పెట్టి, దానికి ఎడమ పక్కనే ప్రింట్ ప్రివ్యూ పెట్టండి. చేయి ప్రివ్యూ దాటుకునే ప్రింట్ దగ్గరికి వెళ్లాలి.

సేవ్‌కీ ప్రింట్‌కీ మధ్య వీలైనంత దూరం ఉంచండి. తొందరలో ఒకటి నొక్కబోయి పక్కది నొక్కడం ఎవరికైనా జరుగుతుంది. నష్టం తెచ్చే బటన్, రోజూ వందసార్లు నొక్కే బటన్ పక్కపక్కన ఉండకూడదు. నా దృష్టిలో టూల్‌బార్ డిజైన్‌లో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే.

స్టాంప్ పేపర్ మార్జిన్ కోసం బటన్ వెతకొద్దు, టెంప్లేట్ (కొత్త ఫైల్ మొదలుపెట్టడానికి వాడుకునే నమూనా ఫైల్) చేసుకోండి. ఒక స్టాంప్ పేపర్ తీసుకుని పై అంచు నుంచి అచ్చు బొమ్మ ఎక్కడ ముగుస్తుందో స్కేలుతో కొలవండి. ఆ కొలతకు ఒక సెంటీమీటర్ కలిపి, ‘ఫస్ట్ పేజ్’ అనే పేజీ స్టైల్‌కి (స్టైల్ అంటే ఒక పేరు కింద దాచుకునే సెట్టింగులు) పై మార్జిన్‌గా ఇవ్వండి. ఆ స్టైల్ తర్వాత వచ్చేది ‘డిఫాల్ట్ పేజ్ స్టైల్’ కాబట్టి రెండో పేజీకి మామూలు మార్జిన్ దానంతటదే వస్తుంది. దీన్ని టెంప్లేట్‌గా సేవ్ చేసి, టూల్‌బార్‌లో ‘టెంప్లేట్స్’ బటన్ ఒకటి పెడితే చాలు.

తెలుగుకు సరిపోని బటన్లు

ఇంగ్లిష్ కోసం చేసిన టూల్‌బార్‌లో తెలుగు టైపింగ్‌కి అక్కరకు రానివి కొన్ని ఉంటాయి. పెద్దబడి, చిన్నబడి (క్యాపిటల్, స్మాల్) అక్షరాలు మార్చే బటన్ తెలుగుకు వర్తించదు. ఇటాలిక్ నొక్కితే తెలుగు అక్షరం పక్కకు ఒరిగి చదవడం కష్టమవుతుంది. అండర్‌లైన్ సంగతి దగ్గరగా చూడాలి. ‘రాష్ట్రం’, ‘పల్లె’ అని కొట్టి అండర్‌లైన్ ఇచ్చి స్క్రీన్ పెద్దది చేసి చూడండి. గీత వత్తుల మీదుగా పోతుంది. పాత ప్రింటర్‌లో ప్రింట్ తీస్తే ఆ వత్తు ఏదో కూడా తెలియదు. హెడ్డింగ్ కింద గీత కావాలంటే పేరాగ్రాఫ్ బార్డర్స్‌లో కింది అంచుకి గీత ఇచ్చి, కొంచెం ప్యాడింగ్ పెట్టండి. అప్పుడు గీత వత్తుల కిందికి దిగుతుంది. దాన్నే ‘గీత హెడ్డింగ్’ అని ఒక స్టైల్‌గా చేసి, అండర్‌లైన్ బటన్ తీసేసి ఆ స్థానంలో పెట్టుకోండి.

‘ఫాంటు మార్చినా అక్షరాలు మారట్లేదు’ అనే మాట చాలామంది నోట వింటాను. లిబ్రెఆఫీస్ ఇంగ్లిష్‌కి ఒక ఫాంటు, తెలుగు లాంటి భాషలకు ఇంకో ఫాంటు విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. సైజు కూడా విడివిడిగానే. ముందుగా టూల్స్ మెనూలోని ఆప్షన్స్‌లో భాషల విభాగానికి వెళ్లి ‘కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్’ టిక్ చేసి, భాష తెలుగు అని ఎంచుకోండి. తర్వాత ఫాంటు, సైజు చేతితో మార్చే అలవాటు తగ్గించి, మూడు నాలుగు స్టైల్స్ చేసుకోండి: మ్యాటర్, హెడ్డింగ్, పార్టీల వివరాలు, సంతకాల చోటు. ఒక్కో స్టైల్‌లో తెలుగు ఫాంటు, ఇంగ్లిష్ ఫాంటు రెండూ ఒకేసారి ఖాయం చేయండి. ఆ స్టైల్స్‌నే బటన్లుగా పెట్టొచ్చు. ఒక్క నొక్కుతో ఫాంటు, సైజు, లైన్ల మధ్య దూరం అన్నీ వచ్చేస్తాయి.

అను ఫాంట్లు వాడే సెంటర్లు మన దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. పెళ్లి కార్డులకు, ఫ్లెక్సీలకు ఆ అక్షరాల అందం వేరు. కానీ అందులో కొట్టింది యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. ఫాంటు మార్చగానే పిచ్చి గుర్తులైపోతుంది, ఆన్‌లైన్ ఫారాల్లో పనిచేయదు. అందుకని అను పని ఉన్న టెంప్లేట్‌ని విడిగా ఉంచి, పేరులోనే ‘అను’ అని కనిపించేలా పెట్టండి. యూనికోడ్ స్టైల్ బటన్లు ఉన్న టూల్‌బార్‌లో అను ఫాంటు కలపకండి.

లిబ్రెఆఫీస్‌లో చేసే విధానం

1. టూల్స్ మెనూలో చివరికి వెళ్లి ‘కస్టమైజ్’ తెరవండి. పైన మెనూస్, టూల్‌బార్స్, కీబోర్డ్ లాంటి ట్యాబ్‌లు ఉంటాయి. ‘టూల్‌బార్స్’ ఎంచుకోండి.

2. ‘స్కోప్’ దగ్గర లిబ్రెఆఫీస్ రైటర్ అని ఉంటే టూల్‌బార్ అన్ని ఫైళ్లకూ వస్తుంది. తెరిచి ఉన్న ఫైల్ పేరు ఎంచుకుంటే ఆ ఫైల్‌లోనే సేవ్ అవుతుంది. మొదటిసారి రైటర్ అనే ఉంచండి.

3. ‘టార్గెట్’ పక్కనున్న చిన్న బటన్ నొక్కి, ‘యాడ్’ ఎంచుకుని కొత్త టూల్‌బార్‌కి ‘మా పని’ అని పేరు పెట్టండి. ఉన్న టూల్‌బార్లను ఇప్పుడే చెరిపేయకండి. మీది అలవాటయ్యాక వ్యూ మెనూలో పాతవాటి టిక్ తీసేస్తే సరిపోతుంది.

4. ఎడమ పక్క సెర్చ్ పెట్టెలో కమాండ్ పేరు కొట్టండి, కనిపించగానే మధ్యలోని బాణంతో కుడి పక్కకు పంపండి. కాగితం మీద రాసుకున్న వరసలోనే ఒక్కొక్కటి పంపితే తర్వాత సర్దే పని తగ్గుతుంది. పైకి, కిందికి జరిపే బాణాలు కూడా ఉన్నాయి.

5. మీ స్టైల్స్ కోసం కేటగిరీ జాబితాలో అడుగున ‘స్టైల్స్’ చూడండి.

6. ‘ఇన్సర్ట్’ నొక్కి ‘సెపరేటర్’ పెడితే బటన్ల మధ్య సన్నటి గీత వస్తుంది. పని మారే ప్రతిచోటా ఒకటి పెట్టండి: తెరవడం, మార్చడం, రూపం, ప్రింట్. నాలుగు గుంపులు చాలు.

7. ‘మాడిఫై’లో ‘రీనేమ్’తో పేరు, ‘చేంజ్ ఐకాన్’తో బొమ్మ మార్చుకోవచ్చు. టార్గెట్ పక్కనున్న చిన్న బటన్‌లోనే ‘ఐకాన్ అండ్ టెక్స్ట్’ అని ఉంటుంది. అది ఎంచుకుంటే బొమ్మ పక్కన పేరు కూడా కనిపిస్తుంది.

వర్డ్‌లో అయితే ఫైల్, ఆప్షన్స్, ‘కస్టమైజ్ రిబ్బన్’కి వెళ్లి ‘న్యూ ట్యాబ్’ చేసుకోండి (రిబ్బన్ అంటే వర్డ్‌లో పైనుండే బటన్ల పట్టీ). అంతకంటే తేలిక పద్ధతి క్విక్ యాక్సెస్ టూల్‌బార్. ఏ బటన్ మీదైనా రైట్ క్లిక్ చేసి అందులోకి చేర్చొచ్చు. ఆల్ట్ నొక్కితే వాటి మీద అంకెలు కనిపిస్తాయి, మొదటి బటన్‌కి 1, రెండోదానికి 2. మౌస్ ముట్టకుండా పని అయిపోతుంది కాబట్టి మొదటి స్థానాలు బాగా ఆలోచించి ఇవ్వండి.

పేర్లు, బొమ్మలు, చోటు

బటన్ మీద పేరు మీ షాపులో పిలుచుకునే పేరే పెట్టండి. ప్రింట్‌ని ప్రింట్ అనే రాయండి. ‘వట్టి పేస్ట్’, ‘వాట్సాప్ పీడీఎఫ్’ లాంటివి చూడగానే కొత్తగా చేరిన పిల్లలకు కూడా అర్థమవుతాయి. రెండు మాటలు దాటనివ్వకండి, తెలుగు అక్షరాలు అడ్డంగా ఎక్కువ చోటు తీసుకుంటాయి. అన్ని బటన్లకూ పేర్లు అక్కర్లేదు. ఫ్లాపీ బొమ్మ అంటే సేవ్ అని అందరికీ తెలుసు. మీరు కొత్తగా చేర్చిన స్టైల్స్‌కి మాత్రం పేరు తప్పనిసరి, ఎందుకంటే వాటికి సరిపోయే బొమ్మ దొరకదు.

స్క్రీన్ ఎంతుందో చూసుకోండి. 1366×768 ల్యాప్‌టాప్‌లో ఎత్తు తక్కువ. టూల్‌బార్లు మూడు వరసలు పెడితే డాక్యుమెంట్‌కి మిగిలేది సగమే అనిపిస్తుంది. ఒక్క వరసే పెట్టి, మిగతావి అవసరమైతే పక్కనుండే సైడ్‌బార్‌లో ఉంచుకోండి, వెడల్పు ఎలాగూ మిగులుతుంది. కళ్లజోడు వాడే ఆపరేటర్ అయితే ఆప్షన్స్‌లో వ్యూ కింద ఐకాన్ సైజు ‘లార్జ్’ చేయండి. బటన్ ఎంత పెద్దదైతే, ఎంత దగ్గరగా ఉంటే చేయి అంత తొందరగా చేరుతుందని అమెరికా మనస్తత్వవేత్త పాల్ ఫిట్స్ 1954లోనే లెక్క కట్టి చూపించాడు. ఎక్కువ వాడే స్టైల్ బటన్లకు పేరు కూడా తగిలిస్తే బటన్ వెడల్పవుతుంది, ఆ లాభం కూడా కలిసొస్తుంది.

మెనూని ఎంతవరకు ముట్టుకోవాలి

మెనూల విషయంలో నా సలహా: పాతవాటిని కదపకండి. ఫైల్, ఎడిట్, వ్యూ అనే వరస మెనూలున్న చాలా సాఫ్ట్‌వేర్లలో దాదాపు ఒకటే. మీ దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు రేపు మిర్యాలగూడలో ఇంకో షాపులో చేరితే ఆ అలవాటే అతనికి ఆసరా. మీకు కావాల్సినవాటికి ‘మా షాపు’ అని ఒక కొత్త మెనూ చేసి పెట్టుకోండి. కస్టమైజ్‌లోనే ‘మెనూస్’ ట్యాబ్‌లో అదే పద్ధతి. ఎప్పుడో ఒకసారి కావాల్సిన కమాండ్ ఎక్కడుందో తెలియకపోతే కొత్త లిబ్రెఆఫీస్‌లో హెల్ప్ మెనూలో ‘సెర్చ్ కమాండ్స్’ ఉంది, పేరు కొడితే చూపిస్తుంది.

ఒకసారి పెట్టిన చోటు మార్చకపోవడం ఎంత అవసరమో చెప్పడానికి మంచి ఉదాహరణ ఆఫీస్ 2000. తక్కువ వాడే కమాండ్లను మెనూ తనంతట తానే దాచేసి, ఎక్కువ వాడేవి మాత్రమే చూపించేది. వినడానికి బాగుంది కదా. కానీ నిన్న మూడో లైన్‌లో ఉన్నది ఇవాళ కనిపించకపోతే చేతికి అలవాటెలా అవుతుంది? ఆఫీస్ 2007లో రిబ్బన్ వచ్చినప్పుడు వర్డ్‌లో ఆ పద్ధతి పోయింది. మీరు కూడా మొదటి వారంలో ఎన్ని మార్పులైనా చేయండి. ఆ తర్వాత బటన్లు జరపకండి, కొత్తది కావాలంటే గుంపు చివర చేర్చండి.

సొంతంగా ఎడిటర్ రాసే విద్యార్థులకు

మహాత్మా గాంధీ యూనివర్సిటీలోనో పాలమూరు యూనివర్సిటీలోనో ప్రాజెక్ట్‌గా తెలుగు ఎడిటర్ చేయాలనుకునేవాళ్లకు పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి, ఇంకొన్ని సంగతులు అదనం. మెనూలో ఉన్న సేవ్, టూల్‌బార్‌లో ఉన్న సేవ్, కంట్రోల్+ఎస్ మూడూ కోడ్‌లో ఒకే కమాండ్ అయి ఉండాలి. ప్రోగ్రామ్ విండోలు, బటన్లు చేయడానికి వాడే క్యూటీ (Qt)లో క్యూయాక్షన్ (QAction) ఉన్నది అందుకే: ఒకచోట ఆపితే మూడుచోట్లా బూడిద రంగులోకి పోతుంది. ఇప్పుడు పనిచేయని కమాండ్‌ని మాయం చేయకండి, బూడిద రంగులో అక్కడే ఉంచండి. నొక్కితే ఇంకో పెట్టె తెరిచి వివరాలు అడిగే మెనూ పేరు చివర మూడు చుక్కలు పెట్టండి. తెలుగు మెనూల్లో ఆల్ట్ కీకి సరిపోయే ఇంగ్లిష్ అక్షరాన్ని పేరు చివర బ్రాకెట్లో చూపడం వాడుకలో ఉన్న పద్ధతి. లైన్ ఎత్తు ఇంగ్లిష్ కొలతలతో పెడితే వత్తులు కిందా, గుడులు పైనా తెగిపోతాయి. ‘స్త్రీ’, ‘క్ష్మీ’ లాంటి అక్షరాలున్న పేర్లతో పరీక్షించి, తెగనంత ఎత్తు ఇవ్వండి.

వాడి చూడటం, దాచుకోవడం

టూల్‌బార్ తయారయ్యాక మీరు కాకుండా రోజూ టైప్ చేసే మనిషిని కూర్చోబెట్టండి. నిజమైన పని ఒకటి ఇచ్చి వెనక నిలబడండి. ‘అక్కా, అది అక్కడుంది’ అని చెప్పాలని నోటిదాకా వస్తుంది, చెప్పకండి. మౌస్ ఎక్కడ ఆగిందో, కళ్లు ఎక్కడ వెతికాయో, ఏ బటన్ నొక్కి వెంటనే అన్‌డూ కొట్టారో రాసుకోండి. మౌస్ ఆగినచోట పేరు మార్చాలి, తప్పుగా నొక్కినచోట బటన్ల మధ్య దూరం పెంచాలి, ఒక్కసారీ నొక్కని బటన్ తీసేయాలి. వారం తర్వాత అదే మనిషితో ఇంకోసారి చూడండి.

అంతా కుదిరాక కాపీ తీసుకోండి. సిస్టమ్ స్లో అయిందని విండోస్ ఫార్మాట్ కొట్టిస్తే డాక్యుమెంట్లు బ్యాకప్ తీస్తారు గానీ టూల్‌బార్ సంగతి ఎవరికీ గుర్తుండదు. వర్డ్‌లో ‘కస్టమైజ్ రిబ్బన్’ పేజీలోనే కింద ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ ఉంది, ఒక ఫైల్‌గా దిగుతుంది. లిబ్రెఆఫీస్ అయితే ముందు దాన్ని పూర్తిగా మూసేయండి. దాచిన ఫోల్డర్లు కనిపించేలా పెట్టి, మీ యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, అందులో రోమింగ్, అందులో లిబ్రెఆఫీస్, అందులో 4 అనే ఫోల్డర్ తెరవండి. అక్కడున్న ‘యూజర్’ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, పేరులో తేదీ వేయండి. మళ్లీ ఇన్‌స్టాల్ చేశాక ఒకసారి తెరిచి మూసి, ఆ ఫోల్డర్‌ని అదే చోట పెడితే మీ బటన్లన్నీ ఎక్కడివక్కడ వస్తాయి. షాపులో రెండో సిస్టమ్ ఉంటే ఇదే పద్ధతిలో దానికీ ఎక్కించండి, ఆపరేటర్ ఏ సీట్లో కూర్చున్నా చేయి తడబడదు.